వాళ్ళు సాయంత్రం రైలెక్కుతారు, మీరు బరంపురంలోనే ఉంటారు

ప్రశ్న: నమస్కారమండీ. మాది ఒడిశాలోని బరంపురం. పదకొండేళ్లుగా అకౌంట్స్ రాస్తున్నాను. పట్టుచీరల కొట్లు, ఒక రైసు మిల్లు, అప్పడాల వ్యాపారి, ఇలా పాతిక మంది లెక్కలు నా దగ్గర ఉన్నాయి. సరిహద్దు దాటి ఆంధ్రాలో ఇచ్ఛాపురం, సోంపేట వైపు కూడా ఆరేడుగురు ఉన్నారు. మా ఊళ్లో అకౌంటెంట్లం, టాక్స్ పని చేసేవాళ్ళం కలిసి చిన్న సంఘం పెట్టుకున్నాం. సుమారు 70 మందిమి. సగం తెలుగువాళ్ళం, సగం ఒడియావాళ్ళు. నేను కార్యదర్శిని. కొత్త ఆదాయపు పన్ను చట్టం మీద ఒకరోజు సెమినార్ పెడదామనుకున్నాం. వైజాగ్‌లోని ఒక శిక్షణ సంస్థ ముందుకొచ్చింది. ట్రైనర్, మెటీరియల్, సర్టిఫికెట్ వాళ్ళవి. హాలు, భోజనాలు, జనాన్ని పోగుచెయ్యడం మావి. మనిషికి 1,500 రూపాయల ఫీజు. అందులో 60 శాతం వాళ్ళకి, 40 శాతం మాకు. ఎంతమంది వచ్చినా వాళ్ళ వాటా మాత్రం కనీసం 80 మందికి లెక్కగట్టి ఇవ్వాలట. వచ్చేవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు పదిరోజుల ముందే పంపాలట. వాళ్ళ సర్టిఫికెట్ ఉంటే జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా, అంటే వ్యాపారుల తరఫున జీఎస్టీ రిటర్నులు వేసే మనిషిగా, గుర్తింపు వస్తుందని కూడా చెబుతున్నారు. మా అధ్యక్షులవారు ఫోన్లోనే సరే అనేశారు. కాగితం మీద సంతకం మాత్రం నేను పెట్టాలి. వారం నుంచి ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?
ఒక సోదరి, బరంపురం

జవాబు: అమ్మా, సెమినార్ పెట్టండి. ఆ సంస్థతో కలిసే పెట్టండి. కానీ 80 మంది గ్యారంటీ ఉన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. మీ టెన్షన్‌కి కారణం ఆ ఒక్క వాక్యమే అని నాకు అనిపిస్తోంది. మిగతావన్నీ మాట్లాడుకుని సర్దుకోగలిగినవే.

మీరు లెక్కల మనిషి కాబట్టి ముందు లెక్కే వేద్దాం. మీ ఖర్చులు నాకు తెలియవు కనక అందాజుగా వేస్తున్నాను, మీ అంకెలు మీరు వేసుకోండి. హాలు అద్దె 15 వేలు. బ్యానరు, మైకు, ప్రొజెక్టరు, రాసుకునే పుస్తకాలు, పెన్నులు కలిపి 6 వేలు. భోజనం మనిషికి 220, రెండుసార్లు టీ బిస్కెట్లు 40. అంటే మనిషి వచ్చినా రాకపోయినా 21 వేలు ఖాయం, వచ్చిన ప్రతి మనిషికీ 260. ఇప్పుడు 80 మంది వచ్చారనుకోండి. మొత్తం 1,20,000. వాళ్ళ వాటా 72 వేలు. మీకు 48 వేలు, మీ ఖర్చు 41,800. చేతిలో 6,200 మిగులుతుంది. ఇంత చాకిరీకి అదీ ఫలితం. సరే, సంఘం పని కదా అనుకుందాం. మరి 50 మందే వచ్చారనుకోండి. వసూలు 75 వేలు. వాళ్ళకి మాత్రం అదే 72 వేలు. మీకు మిగిలిన 3 వేలతో 34 వేల ఖర్చు భరించాలి. 31 వేలు ఎవరి జేబులోంచి వస్తాయి? 70 మంది ఉన్న సంఘం 80 మందికి గ్యారంటీ ఇవ్వడమంటే, సభ్యులు ఒక్కరూ మానకుండా వచ్చి, పైన బయటివాళ్ళు ఇంకో పదిమంది రావాలి. మీ సంఘం మీటింగులకి ఎప్పుడైనా 70కి 70 మంది వచ్చారా?

ఇంకో సంగతి ఆ కాగితంలో ఉందో లేదో చూడండి. ఆ 1,500లో జీఎస్టీ కలిసి ఉందా, విడిగానా? శిక్షణ మీద 18 శాతం పన్ను ఉంటుంది. రసీదులు ఆ సంస్థే ఇచ్చి, ఫీజులోనే పన్ను కలిసి ఉంటే, 1,20,000లో సుమారు 18,300 ప్రభుత్వానికి పోతుంది. అది తీసేశాక పంచుకుంటే మీ 40 శాతం 40,700కి దిగుతుంది. ఖర్చు 41,800 అని అనుకున్నాం కదా. అంటే హాలు నిండా జనం కూర్చున్నా సంఘానికి వెయ్యి రూపాయలకి పైగా నష్టం. అధ్యక్షులవారితో మాట్లాడేటప్పుడు ఇంకేమీ చెప్పకండి. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి.

నా అనుభవం ఒకటి చెప్పాలి. జీఎస్టీ వచ్చిన మరుసటి ఏడాది, 2018లో, రాయగడలో మేం ఇలాంటి సెమినారే పెట్టాం. సంస్థ పేరు చెప్పను. అనుభవం ఉన్న పెద్దాయన వచ్చి చెబుతారని అన్నారు. ఆయన ఫొటోతో బ్యానరు కూడా వేయించాం. పొద్దున్న రైల్లోంచి దిగింది మాత్రం ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. పాపం అతని తప్పేం లేదు, రాత్రికి రాత్రి పంపారు. పన్నెండింటి దాకా స్లైడ్లు చదివాడు. భోజనాలయ్యాక తలుపులు మూసి, రెండు గంటల సేపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గురించి చెప్పాడు. ఎవరు ఇప్పుడే డబ్బు కడితే వారికి తగ్గింపు అన్నాడు. వెనక వరసలో గుణుపురం నుంచి బస్సులో వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. అరవై దాటిన వయసు. ఆయన నోట్‌బుక్కులో ముందే తొమ్మిది ప్రశ్నలు నంబర్లు వేసి రాసుకుని తెచ్చుకున్నారు, ప్రతి ప్రశ్న కిందా జవాబుకి నాలుగు గీతలు ఖాళీ వదిలి. సాయంత్రం ఆ పుస్తకం మూసి చంకలో పెట్టుకుంటుంటే చూశాను. తొమ్మిదింటి కిందా ఖాళీ గీతలే. నా దగ్గరికి వచ్చి ‘నీ మాట మీద వచ్చాను బాబూ’ అన్నారు. అంతే, ఇంకో మాట అనలేదు. ఆ సంస్థవాళ్ళని మళ్ళీ చూడలేదు. ఆ పెద్దాయన మాత్రం ఆ తర్వాత రెండేళ్లు నేను పిలిచిన దేనికీ రాలేదు.

అందుకే మీకు చెబుతున్నాను. వాళ్ళు సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోతారు. మర్నాడు బజార్లో ఎదురుపడేది మీరు. జనం ఆ సంస్థ పేరు చూసి 1,500 కట్టరు, మీ ముఖం చూసి కడతారు. ఈ ఒప్పందంలో అందరికంటే ఎక్కువ పెట్టుబడి మీదే, అది మీ పేరు. దానికి తగ్గట్టు ఏం నేర్పుతారు, ఎవరు నేర్పుతారు, డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, ఈ మూడూ మీ పట్టులో ఉండాలి.

డబ్బు విషయం ముందు తేల్చేద్దాం. వాటాలు వద్దని చెప్పండి. ట్రైనర్‌కి ఒక రోజుకి ఇంత అని మొత్తం మాట్లాడుకోండి. ఉదాహరణకి 30 వేలు అనుకుందాం. దానిమీద 18 శాతం పన్ను 5,400. రానుపోను, బస 6 వేలు. హాలు, మైకు వగైరా 21 వేలు మామూలే. మొత్తం 62,400. మనిషికి 260 ఖర్చు పోను 1,240 మిగులుతుంది కాబట్టి 51 మంది వస్తే సంఘం ఒడ్డున పడుతుంది. గ్యారంటీ కాగితం ప్రకారం అయితే 75 మంది వస్తేగానీ ఒడ్డుకి చేరరు. 51 మందిని తేవడం మీ వల్ల అవుతుంది. 75 మందిని తేవాలంటే ప్రతి ఇంటికీ వెళ్ళి బతిమాలాలి. ఇలా చేస్తే ఫీజు సంఘం రసీదు మీద సంఘం ఖాతాలోకే వస్తుంది. మీ సంఘం రాబడి ఏడాదికి 20 లక్షల లోపే ఉంటుంది కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం పడదు. సభ్యుల దగ్గర పన్ను వసూలు చేసే గొడవా ఉండదు.

వాళ్ళు హాలు ఖర్చు మీ మీద ఎందుకు పెట్టారో కూడా తెలుసుకోండి. అందులో మోసం ఏమీ లేదు. హాలు ఒడిశాలో ఉంది కనక అద్దె మీద పడే పన్ను ఒడిశా లెక్కలోకి పోతుంది. ఆంధ్రా రిజిస్ట్రేషన్ మాత్రమే ఉన్న సంస్థకి ఆ క్రెడిట్, అంటే కట్టిన పన్నుని తన పన్నులోంచి తగ్గించుకునే వీలు, దొరకదు. బస చేసిన లాడ్జి బిల్లుకీ అంతే. కాబట్టి స్థానిక ఖర్చులు మీరే పెట్టుకోవడం సబబే. కాకపోతే ఆ బరువు మోస్తున్నందుకు ఫీజు తగ్గించమని అడగడం కూడా అంతే సబబు. చాలామంది మొహమాటపడి ఇది అడగరు.

టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే పన్ను కోసి ప్రభుత్వానికి కట్టడం, మరిచిపోకండి. సంఘం ఒకే సంస్థకి ఏడాదిలో కట్టే ఇలాంటి ఫీజు 50 వేలు దాటితే 10 శాతం కోయాలి. ఇన్నాళ్లూ మనం 194జె అని పిలుచుకున్న కోత అదే. 30 వేలకి పడదు. కానీ మొదటిది బాగా జరిగిందని ఆరు నెలలకి రెండోది కూడా వాళ్ళతోనే పెడితే 60 వేలవుతుంది. అప్పటికి సంఘానికి ట్యాన్, అంటే ఆ కోసిన పన్ను కట్టడానికి కావలసిన నంబరు, ఉండాలి. మన సెమినార్‌లో చెప్పే పాఠమే మన పద్దుల్లో తప్పిపోతే నలుగురూ నిలదీస్తారు, నిలదీయాలి కూడా.

ఇక అసలు విషయం, పాఠం. కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 1961 నాటి చట్టం స్థానంలో 536 సెక్షన్లతో ఉంది. ఆదాయం వచ్చిన ఏడాదికి ప్రీవియస్ ఇయర్, దాని పన్ను లెక్క తేల్చే ఏడాదికి అసెస్‌మెంట్ ఇయర్ అన్న రెండు పేర్లు పోయి టాక్స్ ఇయర్ ఒక్కటే మిగిలింది. జీతాల కోత 392లో ఉంది. పాత చట్టంలో 194 పక్కన అక్షరం తోకగా ఉన్న మిగతా కోతలన్నీ 393లో పట్టికలుగా పెట్టారు. ఇవన్నీ ఎవరైనా స్లైడ్ల మీద చూపించి చెప్పగలరు. మీవాళ్ళకి కావలసింది అది కాదు. ఇరవై ఏళ్లుగా కాంట్రాక్టుకి 194సి, కమీషన్‌కి 194హెచ్, అద్దెకి 194ఐ అని నోటికి వచ్చిన గుమాస్తా సోమవారం పొద్దున్న చలానా తెరిచినప్పుడు ఏ గడిలో ఏం ఎంచుకోవాలి? రైసు మిల్లువాడు కట్టిన లారీ కిరాయి ఆ పట్టికలో ఎక్కడ ఉంది? పాత సంవత్సరం తాలూకు నోటీసు ఇప్పుడు వస్తే ఏ చట్టం ప్రకారం జవాబు రాయాలి? ఇలాంటివి చేయించి చూపించాలి. రోజులో సగం చెప్పడం, సగం చేయించడం అని ముందే కాగితం మీద రాయించుకోండి.

అందుకు ఒక ఉపాయం చెబుతాను, ఖర్చు లేనిది. ఇవాళే ఒక నోట్‌బుక్ కొని మీ ఆఫీసు బల్ల మీద పెట్టండి. వచ్చిన ప్రతి సభ్యుణ్ణీ కొత్త చట్టంలో వాళ్ళకి అర్థం కాని ఒక్క విషయం రాయమనండి. తెలుగులో రాసినా సరే, ఒడియాలో రాసినా సరే. రెండు వారాల్లో పాతిక ప్రశ్నలు తేలతాయి. వాటిని ట్రైనర్‌కి పంపండి. సంస్థకి కాదు, ట్రైనర్‌కే. ఆయనతో అరగంట ఫోన్లో మాట్లాడతానని అడగండి. మాట్లాడనివ్వకపోతే ఎవరు వస్తారో వాళ్ళకే తెలియదన్నమాట. రాయగడలో నేను ఆ అరగంట అడిగి ఉంటే ఆ పెద్దాయన పుస్తకం ఖాళీగా పోయేది కాదు.

ఆ ఫోన్లో ఒక ప్రశ్న తప్పకుండా వెయ్యండి. ఆదాయపు పన్నుకి సంబంధించింది కాదు గానీ మనిషి పని తెలిసినవాడో కాదో ఇట్టే తెలుస్తుంది. మూడు నెలలకోసారి రిటర్న్ వేసే చిన్న వ్యాపారికి జీఎస్టీఆర్-3బి, అంటే అమ్మకాలూ కట్టాల్సిన పన్నూ చూపే జీఎస్టీ రిటర్న్, ఆఖరి తేదీ ఎప్పుడు? వైజాగ్‌లో పనిచేసేవాళ్ళు టక్కున ఆ మూడు నెలలు అయ్యాక వచ్చే నెల 22 అంటారు. ఆంధ్రాకి అది నిజం. ఒడిశాకి 24. మీ దగ్గర ఇచ్ఛాపురం క్లయింట్లకి ఒక తేదీ, బరంపురం క్లయింట్లకి ఇంకో తేదీ అని మీకు చెప్పనక్కర్లేదు, మూడు నెలలకోసారి చేస్తూనే ఉన్నారు. వృత్తి పన్ను శ్లాబులు కూడా రెండు రాష్ట్రాల్లో వేరే కదా. ‘ఒడిశాకి ఎంతో చూసి చెబుతానమ్మా’ అన్నా మంచి మనిషే. అసలు తేడా ఉందన్న సంగతే తెలియకుండా వాదిస్తే మాత్రం, ఆ సంస్థనే ఇంకొకరిని పంపమని అడగండి. సరిహద్దు ఊరి పని తెలిసిన మనిషి మీకు కావాలి.

భాష సంగతి మీరు రాయలేదు, కానీ నాకు అదే పెద్ద విషయంగా కనిపిస్తోంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే మీ ఊళ్లో ఒకే వీధిలో రెండు భాషలు ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి. వైజాగ్ ట్రైనర్ తెలుగులో చెబితే సంఘంలో సగంమంది బయటివాళ్ళైపోతారు. అంతా ఇంగ్లిష్‌లో చెబితే అందరూ తలలూపుతారు, ఎవరూ ప్రశ్న అడగరు. ఒడియా బాగా మాట్లాడే ఒక స్థానిక సీఏనో, సీనియర్ ప్రాక్టీషనర్‌నో పక్కన కూర్చోబెట్టండి. ప్రతి గంట చివరా పది నిమిషాలు ఆయన ఒడియాలో సారాంశం చెప్పాలి, ప్రశ్నలు ఏ భాషలో వచ్చినా తీసుకోవాలి. ఆయనకి కూడా ఎంతో కొంత ఫీజు ఇవ్వండి. మనవాడే కదా అని ఉత్తినే కూర్చోబెట్టకండి. వైజాగ్ మనిషికి 30 వేలిచ్చి ఊళ్లో మనిషికి శాలువా కప్పితే అది మనసులో ఉండిపోతుంది.

సర్టిఫికెట్ గురించి గట్టిగా చెప్పాలి. ‘మా సర్టిఫికెట్ ఉంటే ప్రాక్టీషనర్’ అన్న మాట అబద్ధం. జీఎస్టీ ప్రాక్టీషనర్ కావాలంటే తగిన అర్హత ఉండి, పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి నమోదు కావాలి. కేంద్ర ప్రభుత్వ పన్నుల శిక్షణ సంస్థ నాసిన్ పెట్టే పరీక్ష పాసవ్వాలి. ఏ ప్రైవేటు సంస్థ ఇచ్చే కాగితమూ దానికి బదులు కాదు. సీఏలు వృత్తిలో ఉంటూ పూర్తిచెయ్యాల్సిన శిక్షణ గంటలు (సీపీఈ) కూడా సీఏల జాతీయ సంస్థ ఐసీఏఐ గుర్తించిన శాఖలు, స్టడీ సర్కిళ్ళ ద్వారా జరిగే కార్యక్రమాలకే లెక్కకొస్తాయి. కాబట్టి కరపత్రంలో గానీ వాట్సాప్‌లో గానీ ‘గుర్తింపు’ అన్న మాట పడనివ్వకండి. పడితే రేపు నిలదీసేది మిమ్మల్నే. ‘ఒకరోజు సెమినార్‌కి హాజరైనందుకు’ అని రాస్తే చాలు. ఆ కాగితానికి విలువ లేకపోలేదు. చిన్న ఊళ్లో ఆఫీసు గోడకి తగిలించుకుంటే క్లయింటు చూస్తాడు. అందుకే పేర్లు జాగ్రత్త. మీ ఊళ్లో మనవాళ్ళ పేర్లు ఒడియా కాగితాల్లోకి వెళ్ళేసరికి ‘వ’ పోయి ‘బ’ అవుతుంది. వెంకట్రావు గారు బెంకట్రావు అవుతారు. నమోదు చేసుకునేటప్పుడే ఎవరి పేరు వాళ్ళ చేతే ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలతో రాయించుకోండి. ముద్రించే ముందు ఆ జాబితా గోడకి అంటించి ఒకసారి చూసుకోమనండి.

ఫోన్ నంబర్ల జాబితా ఇవ్వకండి. వాళ్ళకి కావలసింది ఎంతమంది వస్తున్నారన్న అంకె, పేర్లు. అది చాలు. మీ సభ్యులు వాళ్ళ నంబర్లు మీకు ఇచ్చారు, కోర్సులు అమ్మేవాళ్ళకి కాదు. వ్యక్తిగత సమాచారం విషయంలో 2023లో చట్టం కూడా వచ్చింది, ఎవరి అనుమతి లేకుండా వాళ్ళ వివరాలు చేతులు మార్చడం ఇక పాత రోజుల్లోలా చూసీచూడనట్టు పోయే సంగతి కాదు. సంస్థకి తన తర్వాతి కోర్సుల గురించి చెప్పుకోవాలని ఉంటుంది. అది వాళ్ళ బతుకుతెరువు, తప్పుపట్టను. హాలు బయట ఒక బల్ల వేసుకోమనండి, అక్కడ ఆసక్తి ఉన్నవాళ్ళు తమంతట తామే నంబరు రాసిస్తారు. లోపల వేదిక మీద మాత్రం అమ్మకం మాట చివర్లో పది నిమిషాలకి మించకూడదు.

తేదీ ఎంచుకోవడం మీకు నాకంటే బాగా తెలుసు. నెలలో 7 నుంచి 24 దాకా ఎవరికీ ఊపిరి సలపదు. జూలై నుంచి అక్టోబరు దాకా రిటర్నులు, ఆడిట్ల కాలం. పైగా అక్టోబరంటే మీ తీరానికి తుఫాన్ల నెల. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. నాకైతే నవంబరు ఆఖరి వారమో, ఫిబ్రవరి ఆఖరి వారమో బాగుంటుందనిపిస్తుంది, శనివారం. నవంబరైతే భోజనం పూర్తి శాకాహారం పెట్టండి. కార్తీకంలో ఒడియావాళ్ళు చాలామంది చేపా మాంసం ముట్టరు. మార్గశిరం వచ్చాక గురువారం మాత్రం వద్దు, లక్ష్మీదేవికి చేసే మాణబసా పూజ వదిలి ఆడవాళ్ళు రాలేరు. మీ సంఘంలో ఆడవాళ్ళు కొద్దిమందే ఉండి ఉంటారు, ఆ కొద్దిమందీ రావాలి. మీ ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర ఉన్న ఏడాది ఆ నెల రోజులూ ఇంకేదీ తలపెట్టకండి. హాలు చూడ్డానికి వెళ్ళినప్పుడు కుర్చీల కంటే ముందు ప్లగ్ పాయింట్లు లెక్కపెట్టండి. చేయించే పాఠం అంటే ల్యాప్‌టాప్‌లు వస్తాయి. జయపురంలో ఒకసారి హాలంతటికీ రెండే ప్లగ్గులు, ఒకటి కూలరుకి, ఒకటి మైకుకి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఎనిమిదీ పది అద్దెకి తెచ్చుకోండి. వైర్ల మీద టేపు అంటించండి, లేకపోతే ఎవరో ఒకరు తట్టుకుంటారు.

ఒప్పందం ఒక పేజీ దాటనక్కర్లేదు. ట్రైనర్ పేరు అందులో ఉండాలి. ఆయన రాలేకపోతే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, బదులు వచ్చే మనిషిని మీరు ఒప్పుకోవాలా వద్దా రాయాలి. తుఫాను వచ్చినా, రైళ్ళు ఆగిపోయినా ఇంకో తేదీకి మారుతుంది తప్ప అడ్వాన్సు పోదని రాయాలి. అడ్వాన్సు మూడో వంతుకి మించి ఇవ్వకండి, మిగతాది సెమినార్ అయ్యాక బిల్లు తీసుకుని ఖాతా ద్వారానే కట్టండి. వీడియో తీస్తే అది ఎవరిదో రాయాలి. వాళ్ళు తీసి తర్వాత అమ్ముకుంటామంటే, మీ సభ్యులకి ఉచితంగా ఇవ్వాలని అడగండి. క్లయింట్ల సంగతులు ప్రశ్నల్లో దొర్లుతాయి కాబట్టి ప్రశ్నల సమయంలో కెమెరా ఆపమనండి.

ఇక అధ్యక్షులవారు. ఆయన మాట ఇచ్చేశారు, నిజమే. పెద్దమనిషి మాట తీసేసినట్టు కాకుండా చూసుకోవడం మీ చేతిలో ఉంది. ‘సార్, మీరు కుదిర్చిన సెమినార్ జరగాలి. గ్యారంటీ ఒక్కటే మార్పిద్దాం. ఈ లెక్క ఒకసారి చూడండి’ అనండి. నలుగురిలో కాదు, విడిగా వెళ్ళి చెప్పండి. ఆయన చేతే సంస్థకి ఫోన్ చేయించండి. ‘మా కమిటీ లెక్కలు చూసింది, ఫీజు మొత్తంగా మాట్లాడుకుందాం’ అని ఆయన చెబితే సంస్థవాళ్ళు వింటారు, ఆయన గౌరవమూ నిలుస్తుంది. ఊరు కొత్త, సంఘం కొత్త అని వాళ్ళు భయపడి గ్యారంటీ అడిగారేమో, అందరూ చెడ్డవాళ్ళని నేననను. అలా అయితే మధ్యేమార్గం ఒకటుంది. మొదటి 50 మంది దాకా ఫీజు 30 వేలే, ఆ పైన వచ్చే ప్రతి మనిషికీ వాళ్ళకి 300 అదనం. జనం ఎక్కువ వస్తే ఇద్దరికీ లాభం, తక్కువ వస్తే 80 మంది వాటా బరువు సంఘం నెత్తిన పడదు. దీనికీ ఒప్పుకోకపోతే వదిలెయ్యండి. స్థానిక సీఏతోనే పూటకి పరిమితం చేసి, 300 రూపాయల ఫీజుతో చిన్నగా మొదలుపెట్టండి.

సెమినార్ అయిన వారంలోపు జమాఖర్చులు కాగితం మీద రాసి సంఘం గ్రూపులో పెట్టండి. మిగిలినా పెట్టండి, తగ్గినా పెట్టండి. ఖాళీ ప్లేట్లు ఎన్ని మిగిలాయో కూడా రాసుకోండి, రెండోసారికి పనికొస్తుంది.

సంతకానికి ముందు మారిన కాగితం నకలు నాకు పంపండి, ఒకసారి చదివి చెబుతాను. పంపేటప్పుడు 22, 24 ప్రశ్నకి ఆ ట్రైనర్ ఏమన్నారో కూడా రాయండమ్మా.